జ్వరం బండి

నేను ఒక రొట్టెల బండిని. సరిగ్గా చెప్పాలంటే ఒకప్పుడు రొట్టెల బండిని. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల దొడ్డిలో ఓ మూల పడి ఉన్నాను. చక్రాలు లేవు, తలుపు ఒకటే మిగిలింది. అయినా నన్ను చూసి జాలి పడకండి. నాలా అంత మంచి మనుషుల చేతుల్లో పడ్డ బండి ఈ దొడ్డిలో ఇంకొకటి లేదని పందెం కాస్తాను. పక్కనున్న లారీ ఒప్పుకోదనుకోండి, దాని గొడవ దానిది.

నా ఇంజనూ ఇరుసులూ ఓడలో సముద్రం దాటి వచ్చాయట. ఆ సంగతి నాకు గుర్తు లేదు. నాకు తెలిసిన పుట్టుక విశాఖపట్నం పాత ఊళ్ళో, ఓ వడ్రంగి పాకలో. ఆ వడ్రంగి అంతకుముందు పడవలు చేసేవాడు. అందుకే వెనక టేకు పెట్టెని చుక్క నీరు దూరకుండా బిగించాడు గానీ, పైకప్పు మాత్రం పడవ అడుగులాగే ఉబ్బెత్తుగా వచ్చింది. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన లాజరుగారు చుట్టూ తిరిగి చూసి, "బండి చెయ్యమంటే పడవ బోర్లించేవేమయ్యా" అని పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఇంటికి తోలుకుపోయారు.

లాజరుగారిది రొట్టెల కార్ఖానా. పెద్ద మాటే గానీ, ఓ పెంకుటిల్లు, వెనక సరుగుడు కట్టెలతో మండే ఇటిక పొయ్యి, పిండి పిసికే నలుగురు మనుషులు. సాయంత్రం మైదాలో కల్లు పోసి కలిపితే తెల్లవారేసరికి పిండి పొంగి తొట్టి మీదికి వచ్చేది. ఆ రొట్టెల్ని రోజూ పెద్దాసుపత్రిలో దించి, తర్వాత ఊరంతా తిప్పడం నా పని. నన్ను నడిపేవాడు నూకరాజు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం సంతలో పశువులు అమ్మేవాడి గొంతు. నన్ను ముద్దుగా ఎప్పుడూ పిలవలేదు. రోజూ తిట్టేవాడు, రోజూ తుడిచేవాడు.

ఆ రోజుల్లో మా ఊళ్ళో రొట్టె అంటే తిండి కాదు, మందు. ఇది మీకు ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దొరలు పొద్దున్నే రొట్టె తినేవాళ్ళు, సరే. మిగతా జనం మాత్రం జ్వరం వస్తేనే రొట్టె మొహం చూసేవాళ్ళు. డాక్టరు నాడి చూసి "అన్నం మాన్పించి పాలూ రొట్టే పెట్టండి" అంటే అప్పుడు నా కోసం కబురొచ్చేది. అందుచేత నేను ఏ గుమ్మం ముందు ఆగితే ఆ వీధంతా బయటికొచ్చి "ఎవరికమ్మా జ్వరం?" అని అడిగేది. ఓసారి ఓ ఇంటి ముందు నా టైరు గాలి పోయింది. ఆ ఇంట్లో ఆ రోజే పెళ్ళిచూపులు. వచ్చిన మగపెళ్ళివారు నన్ను చూసి, పిల్లకి ఏదో మొండి రోగం ఉందనుకుని వీధి మలుపు నుంచే వెనక్కి వెళ్ళిపోయారు. నూకరాజు వారం రోజులు ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేకపోయాడు. పిల్లలు నాకు 'జ్వరం బండి' అని పేరు పెట్టారు.

అప్పటి నుంచీ ఎవరికి రొట్టె కావాలన్నా "మా ఇంటి ముందు ఆపకు నాయనా, ఆ మలుపులో ఆపు" అనడం మొదలైంది. ఈ విషయంలో అందరికంటే పట్టుదల కామేశ్వరమ్మగారిది. వైదికుల ఇల్లు, మడీ ఆచారం. ఆవిడ భర్త మంచాన పడ్డప్పుడు చాన్నాళ్ళు నేనే రొట్టె తీసుకెళ్ళాను. ఆవిడ వీధి చివరికి ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చి, అందులో రొట్టె పడేయించుకుని, చెయ్యి తగలకుండా తీసుకెళ్ళి, రోగికి పెట్టి, మళ్ళీ తలారా స్నానం చేసేది. ఆయన పోయిన మరుసటేడు ఆవిడకే విషజ్వరం వచ్చింది. డాక్టరు చేతులు జోడించి బతిమాలాడు. ఆవిడ బార్లీ నీళ్ళతోనే గట్టెక్కింది గానీ, కల్లుతో పులిసిన రొట్టె ముట్టలేదు. ఆ కథ ఊళ్ళో అందరూ చెప్పుకునేవాళ్ళు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు నవ్వుతూ. నాకు మాత్రం నిజంగా కోపం వచ్చింది. ప్రాణం మీదికొచ్చినా తినలేనంత పాపం నేనేం మోస్తున్నానా అనిపించింది.

అంతలో యుద్ధం వచ్చింది.

లాజరుగారి దగ్గర అప్పటికి మేం ముగ్గురం. నాకంటే పెద్దవాళ్ళిద్దరు, ఒక లారీ, ఒక వ్యాను. మిలిటరీ వాళ్ళు వచ్చి వాళ్ళిద్దరినీ పట్టుకుపోయారు. నన్ను కూడా స్టార్టు చేసి చూశారు. నేను దగ్గాను, పొగ కక్కాను, ఆ ఆఫీసరు తెల్ల చొక్కా మీద మసి కొట్టాను. "దీన్ని మీరే ఉంచుకోండి" అన్నాడాయన. ఆ దగ్గు నటన అని ఈ దొడ్డిలో నా పక్కనున్న లారీ అంటుంది. కాదు, నిజంగానే దగ్గు. ఆ దగ్గుకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. నా అన్నలిద్దరూ తిరిగి రాలేదు.

తర్వాత పెట్రోలు దొరకడం మానేసింది. లాజరుగారు నా వీపుకి ఓ ఇనుప పీపా బిగించారు. అందులో బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, చేత్తో పంకా తిప్పితే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసుతో ఇంజను నడిచేది. బొగ్గులు ఎక్కడివంటే మా పొయ్యివే. రొట్టెలు కాల్చాక మిగిలిన నిప్పుల్ని నీళ్ళు చల్లి ఆర్పి, ఎండబెట్టి నాకు పోసేవాళ్ళు. రొట్టె కాల్చిన కట్టే రొట్టెని మోసేదన్నమాట. చదునులో బాగానే పోయేవాణ్ణి. గట్టు వస్తే మాత్రం నూకరాజు దిగి తోసేవాడు, దారిన పోయేవాళ్ళు కూడా ఓ చెయ్యి వేసేవాళ్ళు. దీపాలకి నల్ల కాగితం అంటించారు, ఆకాశంలోంచి ఎవరికీ కనపడకూడదని. బంపరుకి తెల్ల సున్నం పూశారు, రోడ్డు మీద అందరికీ కనపడాలని. మనుషులు ఏం కావాలనుకుంటారో వాళ్ళకే తెలియాలి.

నలభై రెండో సంవత్సరం ఏప్రిల్ నెలలో ఓ రోజు రేవు మీద బాంబులు పడ్డాయి. నేను పెరట్లో ఉన్నాను. దాని గురించి గొప్పగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. భూమి అదిరింది, నా తలుపులు కొట్టుకున్నాయి, పొయ్యి గొట్టంలోని మసి అంతా ఊడి కిందపడింది. అంతే. కానీ ఆ తర్వాత జనం కదిలిన చప్పుడు మాత్రం ఎప్పటికీ మరిచిపోలేను. ఒంటెద్దు బళ్ళు, జట్కాలు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. తెల్లవారేసరికి మా వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు.

పిండి మాత్రం పొంగింది. ముందురోజు బాంబులు పడకముందే కల్లు తెచ్చి పెట్టారు. సాయంత్రం అలవాటు కొద్దీ కలిపేశారు. పొద్దున చూస్తే తొట్టి నిండి పొర్లుతోంది. లాజరుగారు దాని ముందు నిలబడి తల గోక్కున్నారు.

"ఇది బాంబులకి ఆగే రకం కాదు నూకరాజూ. పొయ్యి అంటించమను."

"కాలిస్తే కొనేవోడేడి బావూ? ఊరంతా ఎల్లిపోనాది."

"కొనేవాళ్ళు లేకపోతే తినేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళు. మన వాడుక వాళ్ళంతా ఏ చెట్టు కిందో ఉండుంటారు. పొయ్యిలూ గిన్నెలూ వదిలేసి పరిగెత్తేరు కదా, ఏం వండుకుంటారు? వెళ్ళు, ఎక్కడ కనపడితే అక్కడ ఇచ్చెయ్."

నేను ఎన్నో మాటలు విన్నాను గానీ ఆ మాటకి సాటి వచ్చేది వినలేదు. ముందు ఆస్పత్రికి వెళ్ళాం, తర్వాత రేవు గేటుకి. అక్కడి నుంచి ఊరి బయటి రోడ్డు పట్టాం. దారి పొడుగునా జనం. మధ్యాహ్నానికి బూరుగువలస అనే పల్లె చేరాం. ఊరి మొదట్లో చెరుకు గానుగ పాక ఉంది. గానుగ కాలం అయిపోయి పాక ఖాళీగా పడి ఉండటంతో, కామేశ్వరమ్మగారి వీధివాళ్ళంతా అందులో తలదాచుకున్నారు.

ఆవిడా అక్కడే ఉంది, నిండు నెలల కోడలు కాంతంతో. కొడుకు భాస్కరం రేవులో గుమాస్తా. రేవులో పనిచేసేవాళ్ళకి ఊరు వదలడానికి వీల్లేదన్నారు. తల్లినీ భార్యనీ ఓ బండి ఎక్కించి తను ఆగిపోయాడు. ఆ కుదుపుల ప్రయాణంలోనే కాంతానికి నొప్పులు మొదలయ్యాయి. పాకలో ఓ మూల చీర అడ్డం కట్టి ఆమెని పడుకోబెట్టారు.

నూకరాజు నా వెనక తలుపులు తీశాడు. నన్ను చూస్తే మొహం తిప్పుకునే ఆ వీధే, ఆ రోజు నా చుట్టూ ముసురుకుంది. ఎవరికి జ్వరమని ఎవరూ అడగలేదు. పిల్లలు రొట్టెని రెండు చేతులా పట్టుకుని తిన్నారు. కొందరు పెద్దవాళ్ళు కాస్త సిగ్గుపడి, అటు తిరిగి నించుని తిన్నారు. కామేశ్వరమ్మగారు మాత్రం పాక లోపలే, కోడలి దగ్గర కూర్చుంది. ముందురోజు నుంచీ ఆవిడ పచ్చిగంగ ముట్టలేదని పక్కింటావిడ చెబుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఊళ్ళోంచి మనుషులు వచ్చారు. చేతుల్లో కర్రలు. ముందు నడిచే ఆయన ఆ ఊరి మునసబు సత్తెంనాయుడు. ముందురోజు ఈ జనానికి పాక చూపించి, కుండలతో నీళ్ళు పంపించిన మనిషి ఆయనే. ఇప్పుడు నా కేసి చూస్తున్న చూపు వేరుగా ఉంది.

"ఈ బండిని నానెరుగుదును," అన్నాడు. "పెద్దాసుపత్రికి వచ్చే జొరం బండి ఇది. మీలో జొరాలున్నాయని మాకు సెప్పనేదు. పొద్దు గూకేలోగా అందరూ ఎల్లిపోండి."

నూకరాజు తెల్లబోయాడు. "జొరమేటి బావూ! ఎవులికీ జొరం నేదు. ఆకలికి తింతన్నారు."

"ఆకలేస్తే అంబలి తాగుతారు, గంజి తాగుతారు. ఆకలికి రొట్టి తిన్నోణ్ణి నానెక్కడా సూడనేదు. నిరుడు మా ఊల్లో జొరమొచ్చి పదిమంది పిల్లగుంటలు పోనారు. నా గుంటా పోనాది. ఆసుపత్రిలో దానికి ఈ రొట్టే ఎట్టినారు. ఈ బండే రోజూ వచ్చేది. నా కళ్ళతో సూసినాను."

నూకరాజు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకూ ఏదో అయింది. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆస్పత్రి గుమ్మంలో బుట్టలు దించి వచ్చేయడమే గానీ, ఆ రొట్టె ఎవరి నోటికి అందిందో, ఎవరి నోటికి అందలేదో నాకెప్పుడూ తెలియలేదు. ఆ మనిషి చేతిలో కర్ర ఉన్నా ఆయన మీద నాకు కోపం రాలేదు.

కోపం రాకపోయినంత మాత్రాన సంగతి తేలికవదు. నొప్పులు పడుతున్న మనిషిని ఎర్రటి ఎండలో రోడ్డు మీదికి తీసుకెళితే ఏమవుతుందో పాకలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఒకరు కాళ్ళు పట్టుకోబోయారు, ఒకరు గట్టిగా అరిచారు. "నాడి పట్టుకుని చూడండి" అన్నారొకరు. "లోపల దాగుంటాది, మూడోనాటికి బయటపడతాది" అన్నారు ఊరివాళ్ళు. నూకరాజు ఓ రొట్టె తీసి కరకర నమిలి చూపించాడు. "బండోడివి, నీకలవాటే" అని తీసిపారేశారు. నేను రావడం వల్లనే కదా ఇంత పని జరిగిందని నాలో నేను కుమిలిపోయాను. మంచి చెయ్యడానికి వచ్చి ఒకరి ప్రాణం మీదికి తెచ్చాను.

చీర చాటు నుంచి కామేశ్వరమ్మగారు బయటికి వచ్చింది. ఎవరి కేసీ చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"నూకరాజూ, ఓ రొట్టె ఇలా ఇయ్యి."

వాడు కంగారుపడ్డాడు. "అమ్మగారూ, మీకా? ఇది కల్లు…"

"తెలుసులే. చేతికియ్యి."

వాడు ఇచ్చాడు. చేతిలోంచి చేతిలోకి. ఆవిడ నా వెనక మెట్టు మీద కూర్చుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో ముక్క. తొందరగా, చుట్టూ ఉన్నవాళ్ళని మరిచిపోయి తింటూ పోయింది. గొంతుకి అడ్డం పడితే నీళ్ళు కూడా అడగలేదు. ఆవిడ వీధివాళ్ళు కొందరు తలలు దించుకున్నారు, చూడలేక.

నూకరాజు గొంతు ఒక్కసారిగా లేచింది. "నాయుడు బావూ, ఈ అమ్మగారికి జొరమొచ్చి సావుదాకా ఎల్లినప్పుడు కూడా ఈ రొట్టి ముట్టనేదు. పట్నంలో ఎవుల్నైనా అడుగు. జొరానికి తినని మనిషి ఇప్పుడు తింతన్నాదంటే ఇది జొరమా, ఆకలా? నువ్వే సెప్పు."

సత్తెంనాయుడు వెనక నుంచి ఓ ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆయన తల్లి అప్పాయమ్మ. వంగిన నడుముతో కామేశ్వరమ్మగారి ఎదురుగా నిలబడి, ఆవిడ తింటుంటే గొంతు కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఆ మింగుడు సూడరా నాయుడూ," అంది చివరికి. "జొరమున్నోళ్ళకి అలాగ దిగదురా. మన గుంటకి ఎంత బతిమాలి ఎట్టినావు? ఒక్క ముక్క దిగిందేటి? ఇది ఆకలోళ్ళ మింగుడు."

ఆ మాటకి సత్తెంనాయుడు కర్ర గానుగ రాటకి ఆనించి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు, "మంత్రసానిని పిలండ్రా. ఆడంగులు పాకలోకి ఎల్లండి. నీల్లు కాయండి," అన్నాడు.

అప్పాయమ్మ మాత్రం నా దగ్గర నుంచి కదల్లేదు. "నాకూ ఓ ముక్క పెట్టు బాబూ" అని నూకరాజుని అడిగి, బోసి నోట్లో వేసుకుని చాలాసేపు తిప్పింది. "సప్పగున్నాది. దీన్ని ఉత్తినే తింతారేటి, ఎర్రోళ్ళు! బెల్లం తెండర్రా," అంది. ఇంటింటి నుంచీ బెల్లం వచ్చింది. గానుగ ఊరు కదా, బెల్లానికేం కొదవ. రొట్టె మధ్యలో బెల్లం పెట్టుకుని తినడం నేను మొదటిసారి అక్కడే చూశాను. కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళే వేళ్ళు నాక్కున్నారు. నవ్వులు కూడా వినపడ్డాయి. సత్తెంనాయుడు తినలేదు. ఆయన్ని ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ గొడవలో పంకా తిప్పేవాళ్ళు లేక నా పీపాలో నిప్పు చల్లారిపోయింది. బొగ్గులూ అయిపోయాయి. కమ్మరి తన కొలిమి బొగ్గులు గంపతో తెచ్చి పోశాడు. సత్తెంనాయుడు తనే పంకా పట్టుకుని తిప్పాడు, మాట్లాడకుండా, చెమటలు కారేలా. ఇంజను అందుకునే వేళకి పాకలోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. నా జీవితంలో చాలా చప్పుళ్ళు విన్నాను. అంత బాగున్న చప్పుడు ఇంకోటి లేదు.

ఆ తర్వాత నేను చాలా ఏళ్ళు బతికాను. యుద్ధం అయిపోయాక మళ్ళీ పెట్రోలు తాగాను. లాజరుగారు ముసలివారై కార్ఖానా అల్లుడికి అప్పగించారు. నన్ను సోడాల షాపుకి ఇచ్చారు, తర్వాత ఓ సర్కసు వాళ్ళు కొన్నారు. వాళ్ళ దగ్గర రెండేళ్ళు కోతుల్ని మోశాను. కోతులు మనుషులకంటే నయమని అప్పుడు కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. నాకు మనుషులు చాలా మంచి చేశారు. మండుటెండలో నన్ను గట్టెక్కించడానికి భుజం వేసినవాళ్ళందరి పేర్లూ నాకు తెలియవు. తెలిస్తే ఇక్కడ కూర్చుని వరసగా తలుచుకునేవాణ్ణి.

ఇంక ఒక్కటే చెప్పాల్సింది ఉంది. ఆ సాయంత్రం బూరుగువలస నుంచి బయల్దేరబోతుంటే కామేశ్వరమ్మగారు నూకరాజుని ఆపింది.

"రేవు గేటు దగ్గర మా భాస్కరానికి కబురు చెప్పు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఇక్కడి వాళ్ళు చాలా మంచివాళ్ళు. దిగులుపడొద్దని చెప్పు."

"అలాగేనమ్మగారూ."

"నేను కడుపునిండా తిన్నానని కూడా చెప్పు. వాడికి అదే బెంగ."

నూకరాజు కాస్త తటపటాయించాడు. "ఏం తిన్నారని సెప్పమంటారమ్మగారూ?"

ఆవిడ పాక కేసి ఓసారి చూసింది. "రొట్టె అని చెప్పు. లాజరు చేసిందని చెప్పు. దాచకు," అంది.

మేం రేవు గేటు చేరేసరికి ఇంకా కాస్త వెలుగుంది. భాస్కరం పరిగెత్తుకుంటూ వచ్చాడు. కూతురు పుట్టిందని వినగానే నూకరాజుని వాటేసుకున్నాడు, నవ్వాడు, కాపలా సిపాయిని కూడా వాటేసుకోబోయాడు. అప్పుడు నూకరాజు రెండో కబురు చెప్పాడు.

"అమ్మా?" అన్నాడు భాస్కరం. "మా అమ్మ తిందా? నువ్వు చూశావా?"

"నా సేత్తో నానే ఇచ్చినాను బాబూ."

అంతవరకూ నవ్వుతున్న మనిషి నా బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, తల దించుకుని ఏడ్చాడు. వేడికి అరచేతులు కాలుతున్నా తియ్యలేదు. నూకరాజు ఓదార్చలేదు, ఇంజనూ ఆపలేదు. భాస్కరం ఏడవడం అయ్యేదాకా ఆగి, వెనక తలుపు తీసి, మిగిలిన ఒక్క రొట్టె అతని చేతిలో పెట్టాడు. అతను అక్కడే, గేటు ముందు, అందరూ చూస్తుండగా నించుని తిన్నాడు.